బంతీ, దిమ్మా, నల్లకోటూ

1961 జూన్ 4, ఆదివారం

ఆరాధన ముగించుకుని వచ్చేసరికి మా వరండా మెట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆదివారం పూట, కాళ్లకు టెన్నిస్ బూట్లతో. లేచి, టోపీ తీసి, మా టిల్లీకి తల వంచాడు. చూపు లేని మనిషికి తల వంచితే ఎవరికి మర్యాద?

పేరు కాలిన్ ట్రెలోర్. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెబుతాడట, ఆ చదువుకే డాక్టర్ అంటారట. కంటి డాక్టరు హాలమ్, ఇతనూ ఒకే జట్టులో క్రికెట్ ఆడతారట. ఆగస్టులో టిల్లీ కళ్లకు ఆపరేషన్ అన్న సంగతి హాలమ్ అక్కడ చెప్పాడట. పుట్టుకతోనే చూపు లేని నా చెల్లెలి కళ్లు ఆటస్థలంలో కబుర్లయ్యాయన్నమాట.

జేబులోంచి రెండు చెక్క ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బంతి. ఒకటి ఆరు ముఖాలూ సమానంగా ఉన్న దిమ్మ. ఒకే చెక్క, ఒకే నునుపు.

"మూడు వందల ఏళ్లు కావస్తోంది మిస్ నోస్కె. ఐర్లండులో ఒకాయన తన తత్వవేత్త స్నేహితుడికి ఒక ప్రశ్న రాసి పంపాడు. పుట్టుగుడ్డి మనిషి ఉన్నాడనుకోండి. బంతి ఏదో, దిమ్మ ఏదో తడిమి చెప్పగలడు. హఠాత్తుగా అతనికి చూపు వచ్చింది. రెండూ ఎదురుగా పెట్టారు. ముట్టుకోకుండా, ఊరికే చూసి, ఏది ఏదో చెప్పగలడా?"

టిల్లీ అప్పటికే రెండూ చేతుల్లోకి తీసుకుంది. "చెప్పగలడా మరి?"

"అదే తెలియదు. చెప్పలేడన్నాడు ఆ స్నేహితుడు. ఆలోచిస్తే చెప్పగలడన్నాడు జర్మనీ ఆయన ఒకడు. అప్పటి నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు."

"మూడు వందల ఏళ్లా! ఎవరో ఒక గుడ్డివాణ్ని అడిగేస్తే పోయేది కదండీ."

"కొందరిని అడిగారు. కానీ సరిగ్గా అడగలేదు. ముందే ఎవరో ఒకరు చెప్పేశారు, లేదంటే ముట్టుకోనిచ్చారు. మనం శుభ్రంగా చేద్దాం."

మనం అట.

పాస్టర్ క్లైనిగ్ గారి కోసం దాచిన కేకు రెండు ముక్కలు తిన్నాడు. పెట్టింది టిల్లీయే. ఆ చెక్కలు ఇక్కడే వదిలి వెళ్లాడు. రాత్రి భోజనం బల్ల మీద కూడా అవే.

జూన్ 5

"నీ కళ్ల మీద వాళ్లు పందెం కాసుకుంటున్నారు" అన్నాను.

"కాసుకోనీ అక్కా. ఇన్నాళ్లూ వాటి మీద ఎవరూ ఏమీ కాయలేదుగా" అంది.

ఎప్పటిలాగే ట్రామ్ దాకా, ట్రామ్‌లో, ఉన్ని కంపెనీ మెట్ల దాకా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లాను. సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకువచ్చాను. నేను లేకపోతే ఆమెకు అడుగు సాగదు. కంపెనీలో టెలిఫోన్ బోర్డు దగ్గర ఆమె పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం, "మీ చెల్లెలు ఈ భవనంలో మా అందరికన్నా వేగంగా తిరుగుతుందండీ" అంది. మర్యాదకు అలా అంటారు.

గుడ్డివాళ్ల సంఘం వాళ్లు ఎప్పుడో ఇచ్చిన తెల్ల కర్ర మా గొడుగుల కుండీలో ఉంది. అది అక్కర్లేదు. నేనున్నాను.

జూన్ 10, శనివారం

మళ్లీ వచ్చాడు. ఇక ప్రతి శనివారం వస్తాడట, టిల్లీని సిద్ధం చేయడానికి. సిద్ధం చేయడమంటే నా టీ తాగుతూ మాట్లాడటం.

ఈ రోజు పాత గ్రీకులు. కంట్లోంచి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకుతాయని వాళ్లలో కొందరు నమ్మారట. కాదు, వస్తువుల పైపొరలే ఊడి గాలిలో ఎగిరివచ్చి కంట్లో పడతాయని మరికొందరు వాదించారట. పెద్ద గడ్డాల వాళ్లు, ఏ పనీ లేని వాళ్లు.

"మొదటివాళ్లదే కరెక్టు డాక్టరుగారూ" అంది టిల్లీ. "మా అక్క చూపు వీపు మీద పడితే నాకు తెలుస్తుంది. ఇదిగో, ఇప్పుడు కూడా గుచ్చుకుంటోంది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను చూపు తిప్పుకుని టీ పోశాను.

జూన్ 17, శనివారం

ఈ రోజు ఆయన చెప్పిన వాళ్లలో ఒకరు బిషప్పు. ఐర్లండు బిషప్పే. చూడబడటం తప్ప వస్తువులకు వేరే ఉనికి లేదన్నాడట ఆయన. ఎవరూ లేని గదిలో బల్ల ఉంటుందా అంటే ఉంటుంది, దేవుడు చూస్తూ ఉంటాడు కాబట్టి.

నాకు తెలియకుండానే చేతిలో కెటిల్ ఆగిపోయింది. చిన్నప్పుడు నాన్న ద్రాక్షతోటలో పొద్దున్నే ఒక్కదాన్నే నడిచేటప్పుడు నాకు అలాగే అనిపించేది. నేను వెళ్లిపోయాక ఆ తీగలను ఎవరు చూస్తారా అని. అడగాలనుకున్నాను.

ఈలోగా ట్రెలోర్ నవ్వాడు. "ఎంత సౌకర్యమో చూడండి. రాత్రింబవళ్లు కాపలా కాసే దేవుడు! ఇప్పుడు మా విభాగంలో మేం అనేది చాలా తేలిక మిస్ నోస్కె. చూడటం, నొప్పి, భయం, ప్రేమ, అన్నీ మెదడులో జరిగే పనులే. మెరుపంటే విద్యుత్తే అన్నట్టు. వేరే ఆత్మ అక్కర్లేదు. మీరు ప్రార్థన చేసేటప్పుడు కూడా అంతే. లోపల కొన్ని కణాలు పని చేస్తూ ఉంటాయి."

మరి మీ పొగరు ఎక్కడ ఉంటుంది డాక్టర్ ట్రెలోర్, తలలో ముందు వైపా, వెనక వైపా?

అనలేదు. టీ పోశాను.

జూన్ 18

పాస్టరు గారితో ఆరాధన తర్వాత చెప్పుకున్నాను. ఆయన శాంతంగా విని, ప్రభువు రెండుసార్లు చేతులు వేయవలసి వచ్చిన గుడ్డివాడి సంగతి గుర్తు చేశారు. మొదటిసారి తర్వాత వాడికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు కదా. "ప్రభువుకే రెండుసార్లు పట్టింది హెడ్విగ్. ఆ ప్రొఫెసరు ఒక్క పొద్దుటిలో తేల్చేస్తానంటే తేల్చుకోనీ. ఆయన మీద కోపం ఎందుకు?"

నాకు కోపం లేదు. టిల్లీ కోసం బాధ, అంతే.

జూన్ 24, శనివారం

నియమాలు చెప్పాడు. ఆపరేషన్ అయ్యే దాకా బంతి ఎలా కనిపిస్తుందో, దిమ్మ ఎలా కనిపిస్తుందో ఎవరూ టిల్లీకి చెప్పకూడదు. గుండ్రన, మూల, నీడ, అంచు, ఇలాంటి మాటలతో చూపు గురించి ఏ సూచనా ఇవ్వకూడదు. కట్లు విప్పే రోజు గదిలో ఆయన తప్ప ఎవరూ నోరు తెరవకూడదు. గొంతు వింటే ఆమె మనుషులను గుర్తుపట్టేస్తుంది. చూపు ఒంటరిగా ఏం చేయగలదో తేలాలట.

"మీరు బైబిలు మీద ప్రమాణం చేయండి మిస్ నోస్కె. నాకు దాని మీద నమ్మకం లేదు గానీ, మీకున్న నమ్మకం మీద నాకు నమ్మకం ఉంది."

ఎంత తెలివి. "మా వాళ్లు ప్రమాణాలు చేయరు. చెప్పనంటే చెప్పం" అన్నాను.

"అది చాలు."

"మా అక్క మాట ఇచ్చిందంటే గోడ కట్టినట్టే" అంది టిల్లీ. మెచ్చుకోలే అయి ఉంటుంది.

జూలై 1

వాన. రాలేదు. టిల్లీ రెండుసార్లు గేటు చప్పుడైందని లేచింది.

జూలై 8, శనివారం

టిల్లీయే అడిగింది. "ఆ ఐర్లండు ఆయనకి గుడ్డివాళ్లతో ఏం పనండీ? అంత ప్రశ్న ఊరికే పుట్టదుగా."

ట్రెలోర్ బిస్కెట్టు టీలో ముంచుతూ చెప్పాడు. "ఇంట్లోనే ఉంది కదా. ఆయన భార్యకి పెళ్లయిన కొన్నాళ్లకే చూపు పోయింది."

ఇన్ని వారాల్లో మొదటిసారి నేను ఒక ప్రశ్న అడిగాను. "ఆమె ఏమంది?"

"ఎవరు?"

"ఆయన భార్య. ఈ ప్రశ్నకి."

నా వైపు తెల్లబోయి చూశాడు. "ఆమెని అడిగినట్టు ఎక్కడా లేదండీ. అయినా ఆమె పుట్టుగుడ్డి కాదు. అంతకు ముందు చూసిన మనిషి. ఈ ప్రశ్నకి పనికిరాదు."

పనికిరాదు.

ఎదుటి కుర్చీలో ఆ భార్య కూర్చుని ఉంటుంది. ఆయన కాగితం మీద ఒక గుడ్డివాణ్ని సృష్టించుకుని, వాడి ముందు బంతి పెట్టి, దిమ్మ పెట్టి, స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నాడు. కలం గీరుకునే చప్పుడు ఆమెకు వినిపిస్తూ ఉంటుంది. ఎవరికి రాస్తున్నారు, ఏం రాస్తున్నారు అని ఆమె అడిగి ఉంటుందా? ఏమీ లేదులే అని ఆయన అని ఉంటాడా? మూడు వందల ఏళ్లుగా ఇంతమంది మేధావులు ఆ ఉత్తరం చదివారు. ఒక్కడికీ ఆ కుర్చీ కనిపించలేదు.

జూలై 9

ఆరాధనలో మనసు నిలవలేదు. పనికిరాదు, పనికిరాదు అనే వినిపించింది.

జూలై 15

ఈ రోజు ఆయన అన్న ఒక్క మాటా రాయను.

జూలై 22, శనివారం

ఆయన వెళ్లాక టిల్లీ జడ విప్పి దువ్వుతున్నాను. నలభై నాలుగేళ్ల మనిషి జుట్టు ఇంకా చిన్నపిల్ల జుట్టులా మెత్తగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నేనే దువ్వుతాను. తనకు రాదు. రాదనే అనుకుంటాను.

ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడి నుంచో వచ్చింది, నేను పిలవలేదు. ఒక్క మాట చాలు. ఒక్క మాట చెబితే ఆయన ప్రశ్న చెడుతుంది. ఆపరేషన్ జరుగుతుంది, చూపు వస్తే వస్తుంది, ఆయన మాత్రం వచ్చిన దారినే వెళ్లిపోతాడు. చెప్పనన్నది నిజమే. కానీ ఒక మనిషిని పురుగులా గాజుపలక కింద పెట్టేవాడికి ఇచ్చిన మాట మాటేనా? ప్రభువు అర్థం చేసుకుంటాడు.

"టిల్లీ, విను" అన్నాను. "బంతిని ఏ పక్క నుంచి చూసినా..."

టక్కున రెండు చేతులతో చెవులు మూసుకుంది. దువ్వెన కింద పడింది.

"చెప్పకు. చెప్పకక్కా!"

"నీ మంచికే."

"నా మంచికే. నాకు తెలుసు." చెవుల మీద చేతులు తీయలేదు, గట్టిగా మాట్లాడుతోంది, తన గొంతు తనకే వినిపించనట్టు. "ఎవరైనా ఏదైనా అడిగితే నేను నోరు తెరిచేలోగా నువ్వు చెప్పేస్తావు. ఆమెకి చలిగా ఉందండీ. ఆమె టీలో పంచదార వేసుకోదండీ. ఆమెకి అలాంటివి ఇష్టం ఉండవండీ. నాకు పంచదార ఇష్టం అక్కా! ఆయన నన్ను అడుగుతున్నాడు. తెలియదని చెప్పినా పర్వాలేదు, ఆ తెలియదనేది నేనే చెబుతాను. నాకు అది వదిలెయ్."

దువ్వెన తీసి కడిగి పెట్టాను.

పంచదార సంగతి నిజం కాదు. చిన్నప్పుడు పళ్లు పుచ్చిపోతాయని నాన్నే మానిపించారు. నేను ఆయన మాట నిలబెట్టాను, అంతే.

జూలై 23

ఆమె టీలో రెండు చెంచాల పంచదార వేశాను. తాగింది. థాంక్స్ అనలేదు.

ఇదంతా ఆయన నేర్పిన మాటలే. శనివారాల విషం.

ఆగస్టు 13, ఆదివారం

బుధవారం ఆపరేషన్. ఆరాధనలో టిల్లీ కోసం ప్రార్థించారు. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. ఏమని ప్రార్థించానో ఇక్కడ రాయను.

ఆగస్టు 16

హాలమ్ అంతా బాగా జరిగిందన్నాడు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. రెండు కళ్లకూ కట్లు. నన్ను చూడగానే, కాదు, నా అడుగులు వినగానే, "అక్కా, నన్ను ఊరగాయ జాడీలో పెట్టి మూత బిగించినట్టుంది" అంది.

నవ్వు వచ్చింది. ఎన్నాళ్లయిందో. గుమ్మంలో ట్రెలోర్ నిలబడి ఉన్నాడు. నవ్వు పోయింది.

ఆగస్టు 20

ఆ రెండు చెక్కలు ఇంట్లో బల్ల మీదే ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకువెళ్లడానికి ఆయన వేరే జత చేయించాడట, ఆమె చేతి మరకలు లేనివి. కాబట్టి ఇవి నాకు మిగిలాయి. కళ్లు మూసుకుని తడిమి చూశాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది.

ఆగస్టు 25, శుక్రవారం

వరసగా రాస్తాను.

వెళ్లగానే వసారాలో ట్రెలోర్ ఎదురొచ్చాడు. ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, "మీ కోటు" అన్నాడు. "కలరా ఉండల వాసన వస్తోంది. ఆమె పసిగట్టేస్తుంది. తీసేయండి. టోపీ కూడా."

అది నా నల్లకోటు, ఆరాధనకు వేసుకునేది. ఈ దేశంలో జూన్‌కి చలికాలం వచ్చే దాకా పెట్టెలో ఉంటుంది, వాసన రాకేం చేస్తుంది? తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకువెళ్లి గది చివర, తెరిచిన కిటికీ పక్కన ఉన్న కోటు స్టాండుకు తగిలించి, పైకొమ్మకు నా టోపీ పెట్టాడు. గాలికి వాసన బయటికి పోతుందట. ఎంత చదువో.

టిల్లీ మంచం మీద కూర్చుని ఉంది. హాలమ్, నర్సు, నేను గోడవారగా నిలబడ్డాం. ఎవరూ మాట్లాడకూడదు. నేను నేరుగా ఆమె ఎదుట ఉన్నాను, నాలుగు చేతుల దూరంలో.

కట్లు విప్పారు. హాలమ్ మందపాటి కళ్లద్దాలు ఆమె ముక్కు మీద పెట్టాడు. ఆమె రెప్పలు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"అమ్మో" అంది. "ఇంత గోలగా ఉందేంటి!"

చేతి రుమాలు నోట్లో కుక్కుకున్నాను.

ట్రెలోర్ చక్రాల బల్లను ముందుకు తోశాడు. మీద బంతి, దిమ్మ. టిల్లీని పూర్తి పేరుతో పిలిచాడు. "మిస్ ఓటిలీ, మీ ఎదుట రెండు వస్తువులున్నాయి. ఏది బంతి, ఏది దిమ్మ?"

ఆమె చాలాసేపు చూసింది. చెయ్యి దానంతటదే లేచింది.

"ముట్టుకోవద్దు."

చెయ్యి దింపి ఒడిలో పెట్టుకుంది. "రెండున్నాయని మీరన్నారు కాబట్టి ఉన్నాయనుకుంటున్నాను. నాకు మరకల్లా ఉన్నాయి. ఏది ఏదో తెలియదు డాక్టరుగారూ. నిజంగా తెలియదు." ఓడిపోయిన గొంతు కాదది. పండగ రోజు గొంతు.

ట్రెలోర్ ముఖం వెలిగిపోయింది. మూడు వందల ఏళ్ల పందెంలో తన పక్షం నెగ్గినవాడిలా గబగబా రాసుకున్నాడు. అక్కడితో ఆపి ఉండవచ్చు. అనుకున్న ప్రశ్న అదొక్కటే. ఆయన ఆపలేదు.

"ఇంకేం కనిపిస్తోంది?"

"కదిలేవి తెలుస్తున్నాయి. పొడుగ్గా ఉన్నవి. మనుషులేమో."

"వాళ్లలో మీ అక్క ఎవరో చెప్పగలరా?"

నేను అక్కడే ఉన్నాను. ఎదురుగా. గాలికి ఊగే ఆకులా ఒళ్లంతా ఊగుతోంది, కళ్ల నీళ్లు మెడ దాకా కారుతున్నాయి. ఆమె ముఖం మెల్లగా తిరిగింది. హాలమ్ మీదుగా వెళ్లింది. నర్సు మీదుగా. నా మీదుగా వెళ్లింది. ఆగలేదు. గది చివరి దాకా వెళ్లి, కిటికీ పక్కన ఆగింది.

"అదిగో" అంది. నవ్వింది.

నా కోటుకేసి నవ్వింది. నా టోపీకేసి.

"ఇంకా కోపమేనా అక్కా? చూశావా, నీ మాటే నెగ్గింది. నువ్వు చెప్పకపోతే నాకేమీ తెలియలేదు. ఇప్పుడైనా దగ్గరికి రావచ్చుగా."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ట్రెలోర్ రాస్తున్నాడు. నేను మాట ఇచ్చాను. మాట్లాడనని మాట ఇచ్చాను కాబట్టే మాట్లాడలేదు.

ఆమె కోటు వైపు చెయ్యి చాపింది. "అక్కా?"

అలాగే చాపి ఉంచింది. ఆ చెయ్యి అలా గాలిలో ఉండటం చూడలేకపోయాను. వెళ్లి పక్క నుంచి పట్టుకున్నాను.

ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. ఆ అద్దాల వెనక నుంచి నా ముఖాన్ని చూసింది. పుట్టి బుద్ధెరిగాక నా చెల్లెలు నన్ను చూసి భయపడటం ఇదే మొదలు. ఎవరో పరాయి మనిషి మీద పడ్డట్టు వెనక్కి జరిగింది. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుంది. నా వేళ్లు ఒక్కొక్కటీ తడిమింది. సూది గుచ్చుకుని గట్టిపడ్డ చూపుడు వేలి దగ్గర ఆగింది.

"నువ్వా" అంది, కళ్లు మూసుకునే.

"అద్భుతం" అన్నాడు ట్రెలోర్.

ఆగస్టు 26

ఆ మనిషిని క్షమించే శక్తి ఇవ్వమని అడగలేదు. అడగను.

సెప్టెంబరు 3, ఆదివారం

టిల్లీ ఇంటికి వచ్చింది. రోజంతా గదులు తిరుగుతూ, చూసి, కళ్లు మూసుకుని తడిమి, మళ్లీ చూసి, "ఓహో, కుర్చీ నువ్వా" అని పలకరిస్తోంది. మెట్లు చూస్తూ దిగితే పడుతోంది, కళ్లు మూసుకుంటే చక్కగా దిగుతోంది. ముఖాలు అసలు తెలియవు. నా ముఖం కూడా. అన్నీ ఒకే పిండిముద్దల్లా ఉన్నాయంది.

నా ముఖం గురించి ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆరాధనకు కోటు వేసుకోలేదు. చలి వేసింది.

సెప్టెంబరు 9, శనివారం

వ్యాసం చిత్తుప్రతి తెచ్చి చదివాడు ట్రెలోర్. మా టిల్లీ పేరు ఎక్కడా లేదు. "పరిశీలితురాలు" అని ఉంది. పరిశీలితురాలు బంతినీ దిమ్మనూ గుర్తించలేకపోయింది. పరిశీలితురాలు కోటు స్టాండును చూసి తన సోదరి అని పొరబడింది.

"ఈ రెండోది మాత్రం చూపు తప్పు కాదనుకుంటాను" అన్నాడు. "తప్పు నాది. కోటు తీయించాను గానీ గదిలోంచి పంపించలేదు. ఆ కలరా ఉండల వాసన కిటికీ వైపు నుంచి మీకు తగిలి ఉంటుంది. వాసనను బట్టి అక్కడ అక్క ఉందనుకున్నారు. అంతేనా మిస్ ఓటిలీ?"

టిల్లీ కప్పు కింద పెట్టింది. "అంతే డాక్టరుగారూ. వాసనే."

"నేనూ అదే అనుకున్నాను." తృప్తిగా రాసుకున్నాడు. రెండు ముక్కల కేకు తిన్నాడు. వచ్చే నెల మెల్‌బోర్న్‌లో ఈ వ్యాసం చదువుతాడట. టిల్లీని వేదిక మీదకు రమ్మని అడిగాడు. "నాకు టెలిఫోన్ బోర్డు ఉందండీ, కుదరదు" అంది. ఆ జవాబు నేను చెప్పలేదు. నోరు తెరిచాను గానీ, ఆమే ముందు చెప్పింది.

ఆయన వెళ్లాక కప్పులు కడుగుతూ అన్నాను, "రేపటి నుంచి కోటు ఎండలో వేస్తాను. ఆ ఉండలు ఇక వాడను."

టిల్లీ తుడుస్తోంది. ఆమె తుడుస్తానంటే ఇప్పుడు వద్దనడం లేదు.

"వాసన కాదక్కా."

కప్పు పట్టుకుని నిలబడ్డాను.

"ఆస్పత్రిలో మందుల వాసన తప్ప నాకేదీ రాలేదు. ఆయన అలా అనుకోనీ, పాపం, ఆయనకది బావుంది."

"మరి?"

"గదిలో అన్నీ కదులుతున్నాయి. ఒకటి వంగుతోంది, ఒకటి అటూ ఇటూ జరుగుతోంది. ఎదురుగా ఒకటైతే వణికిపోతోంది. నర్సనుకున్నాను. ఎవరో చిన్నపిల్ల, జాలి వేసింది. ఒక్కటి మాత్రం అంగుళం కదల్లేదు. నేను తెలియదన్నా కదల్లేదు. నవ్వినా కదల్లేదు." తుడిచిన కప్పును తడిమి, చూసి, బల్ల మీద పెట్టింది. "ఇంకెవరుంటారు, నువ్వే అనుకున్నాను."

గిన్నెలో నీళ్లు చల్లారిపోయాయి.

"ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన అడిగింది దాని గురించి కాదుగా."

సెప్టెంబరు 10

ఆరాధన. నాన్న భాష జర్మన్‌లో పాట పాడారు. నేను పాడలేదు.

సెప్టెంబరు 12

టిల్లీకి చలివేస్తుందేమోనని అడగబోయాను. అడగలేదు. కాసేపటికి ఆమే వెళ్లి స్వెటర్ తెచ్చుకుంది.

సెప్టెంబరు 15, శుక్రవారం

సోమవారం నుంచి పనికి వెళ్తుందట. ఒక్కతే. గొడుగుల కుండీలోంచి తెల్ల కర్ర తీసి దుమ్ము తుడిచింది. ఈ వారమంతా నేను బజారుకు వెళ్లినప్పుడు పక్కింటి మిసెస్ పాస్కోతో ట్రామ్ స్టాపు దాకా నడిచి అలవాటు చేసుకుందట. పాస్కోతో! కంచె మీద నుంచి ఊరి సంగతులు ఏరుకునే మనిషితో.

ట్రామ్ కింద పడతావన్నాను. కళ్లు కనిపించనప్పుడు పడలేదుగా అంది. కళ్లు కనిపించనప్పుడు నేనున్నాను అన్నాను.

అంతా ట్రెలోర్ చేసిన పని. ఇది పదే పదే రాస్తున్నాను. చదివితే నాకే అంత గట్టిగా అనిపించడం లేదు. అయినా రాస్తున్నాను.

సెప్టెంబరు 17, ఆదివారం

రాత్రి భోజనం దగ్గర అంది, "రేపు స్టాపు దగ్గర ఒకసారి వెనక్కి తిరుగుతాను అక్కా. కానీ అంత దూరం నుంచి గేటు ఏదో నువ్వు ఏదో నాకు తెలియదు. కదిలితేనే తెలుస్తావు."

"వీధిలో చేతులు ఊపడం నాకు అలవాటు లేదు" అన్నాను.

"తెలుసు" అంది. టీలో పంచదార కలుపుకుంది.

సెప్టెంబరు 18, సోమవారం

వెళ్లింది.

గేటు దగ్గర నిలబడ్డాను. కర్ర చప్పుడు కాలిబాట మీద దూరమవుతూ వచ్చింది. మధ్యలో ఒకచోట ఆగింది, మళ్లీ కదిలింది. స్టాపు దగ్గర ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్లలో ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు.

అన్నట్టే వెనక్కి తిరిగింది. ఎండలో ఆ మందపాటి అద్దాలు మెరిశాయి. ఆమె ముఖం ఇటు తిరిగి, మా గేటు మీదుగా వెళ్లింది. నా మీదుగా వెళ్లింది. పాస్కో గారి నిమ్మచెట్టు మీదుగా. ఆస్పత్రి గదిలో వెళ్లినట్టే వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. మళ్లీ వెనక్కి వచ్చింది, మళ్లీ నా మీదుగానే.

ట్రామ్ గంట వినిపించింది.

చెయ్యి ఎత్తాను. భుజం దాకా, మర్యాదగా. ఆమె ముఖం ఇంకా వెతుకుతూనే ఉంది. నిమ్మచెట్టు దగ్గర ఆగబోతోంది. గాలికి కొమ్మలు కదులుతున్నాయి మరి. అప్పుడు నడుముకున్న తెల్ల ఏప్రాను ముడి లాగేసి, దాన్ని తల మీదుగా అటూ ఇటూ విసిరాను. కాలివేళ్ల మీద లేచి, రెండు చేతులతో, పిచ్చిదానిలా. పాస్కో వరండాలోకి వచ్చి చూసింది. చూడనీ.

టిల్లీ ముఖం ఆగింది.

తెల్ల కర్ర గాలిలోకి పైకి లేచింది. అది కూడా అటూ ఇటూ ఊగింది. పక్కనున్న ఆయన తల తప్పించుకున్నాడు. ట్రామ్ వచ్చి ఆమెను దాచేసింది. వెళ్లిపోయింది. నేను ఇంకా ఊపుతూనే ఉన్నాను.

శనివారం ట్రెలోర్ వస్తాడు. టీ పోస్తాను. ఇది మాత్రం ఆయనకు చెప్పను.